జైళ్లలో, జువెనైల్ బోర్డుల్లో పనిచేసే సోషల్ వర్కర్లకు నిలకడైన ఉద్యోగం ఇవ్వండి: అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో మహిళా శిశు సంక్షేమం, జైళ్లు, బాలల సంస్కరణ సేవలు చూస్తున్న అధికారులకు, న్యాయ సేవాధికార సంస్థల పెద్దలకు నమస్కారం.

నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి ఒక జిల్లాలో కాంట్రాక్ట్ మీద సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు, రిమాండ్‌లో ఉన్నవాళ్లు, వాళ్ల కోసం బయట ఎదురుచూసే తల్లులు, భార్యలు. నా పనంతా వీళ్లతోనే. ఈ పనిలో ఉన్న మేం కొందరం కలిసి మా ఇబ్బందులు రాసి సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. తర్వాత వెళ్లి అడిగితే ఫైల్ పైకి పంపామన్నారు. ఎవరి దగ్గరికి పంపారో, ఏం రాసి పంపారో చెప్పలేదు. అందుకే ఇదే విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

మేం అడిగేది జీతం పెంపు ఒక్కటే అనుకోవద్దు. మన చట్టాలు చాలాచోట్ల సోషల్ వర్కర్ రాసే నివేదికను చూసి నిర్ణయం తీసుకోమని కోర్టులకు చెబుతున్నాయి. ఆ నివేదిక రాసే మనిషికి మాత్రం రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఈ పని ఒంటబట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. సరిగ్గా అప్పటికే చాలామంది వదిలేసి వెళ్లిపోతున్నారు. దానివల్ల ఎవరికి ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. ముందు పిల్లల సంగతి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, పోలీసులు ఒక పిల్లాణ్ని పట్టుకోగానే ప్రొబేషన్ ఆఫీసర్‌కు (నిందితుల నేపథ్యం విచారించి, జైలుకు పంపకుండా బయట ఉంచినవాళ్లను పర్యవేక్షించే అధికారికి) చెప్పాలి. ఆయన రెండు వారాల్లో సామాజిక దర్యాప్తు నివేదిక జువెనైల్ జస్టిస్ బోర్డుకు, అంటే పిల్లల కేసులు విచారించే బోర్డుకు ఇవ్వాలి. ఆ ఆఫీసర్ లేకపోతే ఆ పని బాలల సంక్షేమ అధికారి లేదా సోషల్ వర్కర్ చేస్తారు. ఇంట్లో పరిస్థితి ఏమిటి, చదువు ఎక్కడ ఆగింది, ఎవరితో తిరుగుతున్నాడు, ఏ వ్యసనం ఉంది, ఎవరైనా హింసించారా, ఈ పని ఎందుకు చేసి ఉంటాడు అన్నవన్నీ అందులో ఉండాలి.

ఇది ఫోన్‌లో అయ్యే పని కాదు. మొదటిసారి ఇంటికి వెళ్తే తల్లి భయపడిపోయి "మావాడు చాలా మంచోడు సార్, ఇంట్లో ఏ గొడవా లేదు" అంటుంది. రెండోసారి వెళ్లి కూర్చుంటేనే అసలు మాట బయటికొస్తుంది: తండ్రి తాగొచ్చి కొడతాడనీ, పిల్లాడు వారాల తరబడి బయటే పడుకుంటున్నాడనీ. బడికి వెళ్లి హెడ్మాస్టర్‌ను అడగాలి. పనిలో పెట్టుకున్న మేస్త్రీనో, మెకానిక్ షెడ్ ఓనర్‌నో కలవాలి. బైక్ దొంగతనం కేసుల్లో దొరికిన పిల్లల వెనక చాలాసార్లు వాళ్లతో ఆ పని చేయించిన పెద్దవాడొకడు ఉంటాడు. ఆ పెద్దవాడి ఊసు పోలీసు కాగితాల్లో ఉండదు, పిల్లాడు నమ్మి చెబితేనే తెలుస్తుంది. అసలు పరిచయమే లేని మనిషికి ఆ మాట ఎందుకు చెబుతాడు?

మనుషులు తక్కువై కేసులు ఎక్కువైనప్పుడు నివేదిక ఎలా తయారవుతుందో కూడా చెప్పాలి. "కుటుంబం పేదది. ప్రవర్తన సాధారణం. సిఫారసు: తగిన ఉత్తర్వులు ఇవ్వగలరు." ఇలాంటి మూడు ముక్కలు పట్టుకుని మేజిస్ట్రేట్ ఏం నిర్ణయించగలరు? కౌన్సెలింగ్‌కు పంపాలా, మంచి నడవడి మీద ప్రొబేషన్‌లో ఇంటికి పంపాలా, ప్రత్యేక గృహంలో ఉంచాలా? చట్టంలో ఈ దారులన్నీ ఉన్నాయి. ఏ దారి ఏ పిల్లాడికి సరిపోతుందో చెప్పేది ఆ నివేదికే.

పదహారు దాటిన పిల్లాడి మీద కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరం ఆరోపణ ఉంటే, 15వ సెక్షన్ కింద బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ తర్వాత అతని కేసు పెద్దవాళ్ల కేసులా విచారణకు వెళ్లొచ్చు. అతని జీవితం ఎటు తిరుగుతుందో తేలే చోటు అది. అక్కడికి కూడా పైపైన రాసిన నివేదికే వెళ్తే ఆ తప్పును తర్వాత ఎవరు దిద్దుతారు?

ఇదే చట్టం బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలనీ, వాళ్లలో ఒకరైనా మహిళ అయి ఉండాలనీ చెప్పింది. మా వృత్తికి ఇంతకన్నా గౌరవం మరో చట్టంలో నాకు కనిపించలేదు. కానీ అదే సెక్షన్‌లో సభ్యుల అర్హతలుగా రాసిన డిగ్రీలు చూడండి: బాలల మనస్తత్వ శాస్త్రం, మనోవైద్యం, సామాజిక శాస్త్రం, న్యాయశాస్త్రం. సోషల్ వర్క్ డిగ్రీ పేరు లేదు. బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతల్లో ఉంది, ఇక్కడ లేదు. పిల్లల కోసం ఏడేళ్లు పనిచేసిన అనుభవం చూపిస్తేనే ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు ఆ కుర్చీ. ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగాల్లో ఏడేళ్లు ఎంతమంది నిలబడగలరో మీరే ఆలోచించండి.

2. బెయిల్ వచ్చినా బయటికి రాలేనివాళ్లు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లే.

జైలుకు వెళ్లినప్పుడల్లా నేను చూసేది ఇదే. బెయిల్ ఆర్డర్ వచ్చి ఉంటుంది. పదివేల పూచీకత్తు, ఇద్దరు జమానతుదార్లు కావాలి. ఆ మనిషి పొట్టకూటికి వలస వచ్చిన కూలీ. ఈ ఊళ్లో ఇంటి పన్ను రసీదు తెచ్చి సంతకం పెట్టేవాళ్లు అతనికి ఎవరున్నారు? భార్య వేరే జిల్లాలో ఇటుక బట్టీలో ఉంటుంది. ఆమె ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది. భర్తకు బెయిల్ వచ్చిందన్న సంగతే ఆమెకు తెలియదు. విశాఖ ఏజెన్సీ వైపు నుంచి గంజాయి మూటలు మోసి దొరికిపోయిన ఆదివాసీ కూలీల పరిస్థితి ఇంకా కష్టం. ఆ కేసుల్లో బెయిలే అరుదు. పైగా వాళ్ల భాష తెలుగు కాకపోతే, తమ మీద ఉన్న సెక్షన్ ఏమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేవాళ్లు ఉండరు.

దీనికి పరిష్కారాలు ఇప్పటికే ఉన్నాయి. ఒక తాపీమేస్త్రీకి పదివేల పూచీకత్తు అడగడం, వేరే జిల్లావాడి జమానతు పనికిరాదనడం తప్పని మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి 31న అదే కోర్టు ఆదేశించింది. అతని ఆర్థిక పరిస్థితి మీద ప్రొబేషన్ ఆఫీసర్‌తోనో పారా లీగల్ వలంటీర్‌తోనో (న్యాయ సహాయంలో తోడ్పడే వలంటీర్) నివేదిక రాయించి, షరతులు సడలించమని కోర్టును అడగొచ్చంది. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో పథకం తెచ్చింది. అది మొదలైనప్పుడు విచారణ ఖైదీ బెయిల్ కోసం 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవాడి జరిమానా కోసం 25,000 వరకు ఇవ్వొచ్చని పెట్టారు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకుండా మిగతా కేసుల్లో, గతంలో ఏ శిక్షా పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది.

ఇన్ని ఉన్నాయి. కానీ వీటిలో ప్రతిదానికీ ఒక మనిషి కావాలి. లోపల ఖైదీతో మాట్లాడి, బయట ఊరికి వెళ్లి ఇల్లు వెతికి, ఆధార్ లేకపోతే దాని సంగతి చూసి, నివేదిక రాసి, సరైన తేదీకి కోర్టు ముందు పెట్టే మనిషి. జిల్లాల్లో ఉచిత న్యాయ సహాయం కోసం పూర్తికాలం డిఫెన్స్ లాయర్ల వ్యవస్థ 2022లో వచ్చింది. దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. ఆ లాయర్లలో కష్టపడి పనిచేసేవాళ్లను దగ్గర నుంచి చూశాను. అయితే ఆ పథకంలో లాయర్లు, ఆఫీసు సిబ్బంది ఉన్నారు, సోషల్ వర్కర్ లేడు. లాయర్ పిటిషన్ వేయగలడు. వాయిదాలు వదిలేసి ఇటుక బట్టీల వెంట తిరిగి ఖైదీ భార్యను వెతకడం అతనికి కుదరదు.

మహారాష్ట్రలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1990లో ప్రయాస్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లను జైళ్లలో, పోలీసు స్టేషన్ల దగ్గర పనిలో పెట్టింది. ఇన్నేళ్లుగా నడుస్తున్న నమూనా పక్క రాష్ట్రంలోనే ఉంది. మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

3. తల్లులతో జైల్లో ఉన్న పసిపిల్లలు. జైల్లో తల్లి దగ్గర పిల్లలు ఆరేళ్లు నిండేదాకా ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అది ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసు. మన రాష్ట్రం పేరు మీదే ఉన్న తీర్పు. ఆరేళ్లు నిండాక ఆ బిడ్డ ఎక్కడికి వెళ్లాలి? అమ్మమ్మ ఉందా, ఉంటే పెంచగలదా, చిన్నాన్న ఇంటికి పంపితే బడికి పంపుతాడా, పనిలో పెడతాడా? ఇవి తెలుసుకోవాలంటే బిడ్డకు నాలుగేళ్లు ఉన్నప్పుడే ఆ కుటుంబంతో మాట్లాడటం మొదలుపెట్టాలి. మధ్యలో సోషల్ వర్కర్ మారిపోతే అంతా మొదటికొస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆ తల్లి తన కథంతా మళ్లీ చెప్పుకోవాలి. కొందరు తల్లులు ఇక చెప్పడం మానేస్తారు.

4. శిక్షల విషయంలోనూ ఇంతే. 1958 నేరస్తుల ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ ఇరవై ఒక్క ఏళ్ల లోపువాళ్లకు సంబంధించింది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలుకు పంపేముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక అడిగి చూడాలి. చివరికి ఉరిశిక్ష కేసుల్లో కూడా ముద్దాయి బతుకు నేపథ్యం, జైల్లో అతని నడవడి మీద ప్రొబేషన్, సంక్షేమ అధికారుల నివేదికలు తెప్పించుకోవాలని మనోజ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక మనిషి ప్రాణం నిలబడాలా వద్దా అన్నచోట పనికొచ్చే నివేదికను, ఆ పనిలో ఏ శిక్షణా లేని ఉద్యోగికి అదనపు బాధ్యతగా అప్పగించడం న్యాయమేనా?

5. ఇక మా సంగతి. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల్లో జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లోని సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్‌కు 27,804 రూపాయలు పెట్టారు. ఇవి కాంట్రాక్ట్ ఉద్యోగాలు. సర్వీసుతో పెరిగే పే స్కేలు లేదు, ప్రమోషన్ లేదు. పిల్లాడి ఇంటికి రెండోసారి వెళ్లడానికి బస్సు చార్జీ చాలాసార్లు మా జేబులోంచే పోతుంది. మొదటిసారి వెళ్లొచ్చిన ఖర్చే నెలల తర్వాత వస్తే, రెండోసారి వెళ్లాలా ఫోన్ చేసి ఊరుకోవాలా అన్నది మనస్సాక్షికి వదిలేసినట్టే.

మా క్లాసులో చేరినప్పుడు జైళ్లలో, పిల్లలతో పనిచేయాలని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫీల్డ్‌వర్క్‌కు అబ్జర్వేషన్ హోంకు (కేసు విచారణలో ఉన్న పిల్లలను ఉంచేచోటుకు) వెళ్లొచ్చి రాత్రంతా దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. రెండో ఏడాది స్పెషలైజేషన్ ఎంచుకునేటప్పటికి ఎక్కువమంది హెచ్‌ఆర్ తీసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఇంట్లో అప్పులుంటాయి, పెళ్లి సంబంధాల దగ్గర "పర్మనెంటా?" అని అడుగుతారు. ఈ రంగంలోకి వచ్చిన ఆడపిల్లలకు ఇంకో టెన్షన్ కూడా ఉంటుంది. సాయంత్రం వేళ తెలియని వాడకు ఒంటరిగా విచారణకు వెళ్లాలి. కేసులో ఎదుటి పక్షంవాళ్లు బెదిరిస్తే పక్కన నిలబడే పై అధికారి ఎవరో తెలియదు.

పదేళ్ల అనుభవం ఉన్న సోషల్ వర్కర్ ఒక జిల్లాలో ఉంటే ఎంత తేడానో కోర్టుల్లో పనిచేసేవాళ్లను అడగండి. ఏ స్టేషన్‌లో ఎవరితో మాట్లాడాలి, ఏ ఊళ్లో ఏ అంగన్‌వాడీ టీచర్ నిజం చెబుతుంది, ఏ డీఅడిక్షన్ సెంటర్ పిల్లల్ని సరిగ్గా చూసుకుంటుంది, ఏ కుటుంబం బయటికి ఒప్పుకుంటూ లోపల పిల్లాణ్ని వద్దనుకుంటోంది... ఇవి ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. ఆ మనిషి మానేసి వెళ్లిన రోజు జిల్లా అదంతా పోగొట్టుకుంటుంది. మళ్లీ నోటిఫికేషన్ వేసి ఇంకొకరిని తీసుకోగలరు, ఆ పదేళ్లను తీసుకురాలేరు.

పిల్లాడు బయటికొచ్చాక కూడా పని ఉంటుంది. నేరం కేసుల్లో చిక్కుకున్న పిల్లలకు ఆ కేసు వల్ల తర్వాత అనర్హత రాకూడదని, రికార్డులు నిర్ణీత గడువు తర్వాత తీసేయాలని జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. పెద్దవాళ్ల కేసుగా విచారణ జరిగితే తప్ప అందరికీ ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక, పోలీస్ వెరిఫికేషన్ అనగానే భయపడి ఉద్యోగానికి దరఖాస్తే పెట్టనివాళ్లను చూశాను. వాళ్లకు చెప్పాల్సినవాళ్లం మేమే. అప్పటికి మేం ఆ ఉద్యోగంలో ఉండం.

అందుకని మేం కోరుతున్నవి ఇవి:

ఒకటి. జైలు సంక్షేమం, ప్రొబేషన్, బాలల సంరక్షణ పనులు చేసే సోషల్ వర్కర్లకు రాష్ట్ర స్థాయిలో ఒకే కేడర్ ఏర్పాటు చేయండి. ఎంఎస్‌డబ్ల్యూ అర్హతతో మొదటి మెట్టు, అనుభవం మీద సీనియర్, జిల్లా పర్యవేక్షకుడు, రాష్ట్ర స్థాయి అధికారి వరకు ఎదిగే దారి, సర్వీస్ రూల్స్, పే స్కేలు ఉండాలి. ఇప్పటికే పనిచేస్తున్న కాంట్రాక్ట్ సిబ్బంది అనుభవానికి నియామకాల్లో వెయిటేజీ ఇవ్వాలి. మిషన్ వాత్సల్య కేంద్ర పథకం కాబట్టి మా చేతుల్లో లేదనే జవాబు మాకు చాలాసార్లు వినిపించింది. కేంద్ర పథకం ఉన్నంత మాత్రాన రాష్ట్రం సొంతంగా పోస్టులు మంజూరు చేసుకోకూడదని ఎక్కడా లేదు.

రెండు. ప్రతి సెంట్రల్ జైల్లో, జిల్లా జైల్లో, ప్రతి జిల్లా న్యాయ సహాయ డిఫెన్స్ కార్యాలయంలో కనీసం ఒక్కో పూర్తికాలం సోషల్ వర్కర్‌ను నియమించండి. వెల్ఫేర్ ఆఫీసర్లు, కౌన్సెలర్లు ఉండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ఎప్పుడో చెప్పింది. ఏ జైల్లో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి అన్న లెక్క జైలు వారీగా ప్రకటించండి.

మూడు. బెయిల్ వచ్చి నెల దాటినా విడుదల కానివాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి సామాజిక ఆర్థిక నివేదిక కోర్టుకు వెళ్లింది, పేద ఖైదీల పథకం కింద ఎంతమందికి డబ్బు అందింది అన్న వివరాలు మూడు నెలలకోసారి ప్రజలకు చెప్పండి.

నాలుగు. ఒక్కరి మీద ఒకేసారి ఎన్ని కేసులు ఉండొచ్చో పరిమితి పెట్టండి. ప్రయాణ ఖర్చు ఆ నెలలోనే ఇవ్వండి. సర్వేలకు, సభల డ్యూటీలకు మమ్మల్ని వాడుకోవద్దు.

ఐదు. ఉద్యోగి మారినప్పుడు కేసు అప్పగింతకు గడువు, పద్ధతి పెట్టండి. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్లతో కలిసి కొన్నాళ్లు ఇళ్లకు తిరగాలి.

ఆరు. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్ విభాగాలతో ఒప్పందం చేసుకుని, జైళ్లలో, జువెనైల్ బోర్డుల దగ్గర పర్యవేక్షణతో కూడిన ఏడాది శిక్షణ పెట్టండి. స్టైపెండ్ ఇవ్వండి. వేలూరులోని జైళ్ల పరిపాలన అకాడమీలో జైలు అధికారులతో పాటు మాకూ శిక్షణ ఇప్పించండి. మేం ఒకరినొకరు తెలుసుకోకపోవడం వల్ల జైలు గేటు దగ్గర అనవసరమైన అనుమానాలు చాలా వస్తున్నాయి.

ఏడు. జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యుల అర్హతల్లో సోషల్ వర్క్ డిగ్రీని చేర్చమని కేంద్రానికి రెండు రాష్ట్రాలూ లేఖ రాయండి. సోషల్ వర్క్ వృత్తి మొత్తానికి చట్టబద్ధమైన కౌన్సిల్ కావాలని కూడా అందులో అడగండి. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉంది, నర్సులకు కౌన్సిల్ ఉంది. మేం తప్పు చేస్తే మమ్మల్ని నిలదీసే సంస్థ కూడా లేకపోవడం ప్రజలకు మంచిది కాదు.

వీటిలో రెండు, నాలుగు, ఐదు అంశాలకు కొత్త చట్టం అక్కర్లేదు, జీవోలు చాలు. మూడో దానికి జీవో కూడా అవసరం లేదు, ఆ లెక్కలు జైళ్ల దగ్గర, న్యాయ సేవాధికార సంస్థల దగ్గర ఉండాల్సినవే. మొదటిదానికి బడ్జెట్ కావాలి కాబట్టి, వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యేలోపు మమ్మల్ని ఒకసారి పిలిచి మాట్లాడండి. ప్రొబేషన్ ఆఫీసర్లు, కౌన్సెలర్లు, ఔట్‌రీచ్ వర్కర్లు కలిసి వస్తాం. కుదిరితే జైల్లో ఉన్నవాళ్ల ఇళ్లలోంచి ఇద్దరు ముగ్గురు తల్లుల్ని కూడా తీసుకొస్తాం, వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. పిలవడం కుదరకపోతే, ఏ అంశానికి ఒప్పుకుంటారో, ఏది కాదంటారో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక జిల్లాలో పనిచేస్తున్న కాంట్రాక్ట్ సోషల్ వర్కర్